మూడో కాయిల్

ఆ ఏడు వానలు మొదలైన మూడోవారంలో నర్సమ్మగారి కారు మా షెడ్డుకొచ్చింది. నేను ముందు దాన్ని చూడలేదు, విన్నాను.

మా ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి చిన్న కిటికీ. అటు పక్క మావయ్య ఇంజిన్లు విప్పుతుంటే, ఇటు పక్క కిటికీ కింద నా మిషను మీద నేను స్కూలు యూనిఫారాలు కుట్టేదాన్ని. పెళ్లై ఆ ఇంటికొచ్చిన మూడేళ్లలో ఆ కిటికీలోంచి నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ.

కారు ఆగింది కానీ ఇంజిన్ ఆపలేదు. మూడు దెబ్బలు సరిగ్గా వేసి నాలుగోది మింగేస్తోంది. మళ్లీ మూడు, మళ్లీ మింగుడు. పెడల్ మీద నా కాలు దానంతటదే ఆగిపోయింది. సూది మొద్దుబారితే కుట్టుమిషను కూడా అంతే చేస్తుంది. మూడు కుట్లు పడతాయి, నాలుగోది జారుతుంది. 'ఈ కారుకి కుట్టు జారుతోంది' అనుకుని, నా పోలికకి నేనే నవ్వుకుని, మళ్లీ కాలర్ల పనిలో పడ్డాను.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

నర్సమ్మగారు కాన్పులు చేసే నర్సు. ఊరు దాటాక కొండవారగా ఉన్న ఇళ్లకి ఆవిడా, ఆవిడ చిన్న కారే దిక్కు.

"ఎత్తు ఎక్కుతుంటే వణికిపోతోంది మేస్త్రిగారూ. ఎంత తొక్కినా ముందుకి రానంటుంది. అదీ వాన పడితేనే. ఎండ కాసిన రోజు పెళ్లికూతురంత బుద్ధిగా ఉంటుంది."

మావయ్య జవాబు చెప్పేలోపే అత్తయ్య టీ గ్లాసులతో షెడ్డులోకి దిగింది. "ఏంటీ? ఎత్తు ఎక్కుతుంటే వణుకుతోందా? వాన పడితేనే వస్తోందా?" అని ఆవిడ మాటలు ఆవిడకే అప్పజెప్పింది, గొంతు నాలుగింతలు చేసి.

అత్తయ్యది పెద్ద నోరు. మా వీధిలో ఆవిడకి 'మైకు' అని పేరు. షెడ్డులోకి ఎవరు అడుగుపెట్టినా వెనకే వెళ్లి, వాళ్లేం చెబితే అది తిరిగి అరిచేది. మొగుడి పనిలో వేలు పెడుతుందనీ, ఆయన్ని నోరెత్తనివ్వదనీ అందరూ చెప్పుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను, దాచడమెందుకు.

మావయ్య తలూపి, పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశారు. దాని కొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపలి సంగతి చెప్పడం ఆయన విద్య. వీధి మలుపులో బండి ఉండగానే దాని రోగం చెప్పేవారని పాతవాళ్లు అనేవారు. ఈమధ్య మాత్రం ఆ పిడిని చెవికి కాకుండా పళ్లతో కరిచి పట్టుకుంటున్నారు. పెద్దతనం వచ్చాక ఒక్కొక్కరికీ ఒక్కో అలవాటు అనుకున్నాను.

నాలుగు ప్లగ్గులూ మార్చారు. ఫిల్టర్లు శుభ్రం చేశారు. మర్నాడు ఎండ కాసింది. కారు చక్కగా వెళ్లిపోయింది.

పది రోజులకి ముసురు పట్టింది. కారు తిరిగొచ్చింది. మావయ్య పెట్రోలు పైపులు విప్పి కడిగారు. ఆ రెండు రోజులూ ఆయన సరిగ్గా నిద్రపోలేదని మొహమే చెప్పింది. కారు వెళ్లింది.

మూడోసారి కారు రాలేదు. నర్సమ్మగారు ఒక్కత్తే నడిచొచ్చింది.

మధ్యాహ్నం. అత్తయ్య బజారుకి వెళ్లింది. నర్సమ్మగారి చెప్పులకి ఎర్రమట్టి అంటుకుని ఉంది. భుజాన మందుల సంచి అలాగే ఉంది. షెడ్డు గుమ్మంలో నిలబడి, వంగి పనిచేసుకుంటున్న మావయ్యని చూస్తూ మెల్లగా చెప్పింది.

"సగం ఎత్తులో ఆగిపోయింది. సంచి నెత్తిన పెట్టుకుని నడిచాను. నేను వెళ్లేసరికి బిడ్డ పుట్టేసింది. నాయనమ్మ చేతుల్లో పడింది. తల్లికి రక్తం ఆగడంలేదు. ఎలాగో ఆపాను. ఇంకో పావుగంట ఆలస్యమైతే నావల్ల అయ్యేది కాదు."

మావయ్య తలెత్తి చూశారు.

"మీ మీద నాకు కోపం లేదు మేస్త్రిగారూ. ఈ గురువారం లోపు ఆ పైనే ఇంకో కాన్పుంది. కవలలు. నిజం చెప్పండి, ఈ జబ్బు మీకు అంతుపట్టిందా? లేకపోతే బండిని పెద్ద వర్క్‌షాపుకి పంపేస్తాను. నేనేమీ అనుకోను."

మావయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నవ్వారు. "దానికేం భాగ్యం అమ్మా. తప్పకుండా."

నర్సమ్మగారు ఆయన్ని కాసేపు చూసింది. ఆవిడ అడిగిందొకటి, ఆయన చెప్పిందొకటి. తప్పించుకుంటున్నారనే అనుకుని ఉంటుంది. "సరే, కారు ఎత్తు మీదే ఉంది, తెప్పించండి" అని తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టి వెళ్లినా బాగుండేది.

నేను కిటికీ దగ్గర సూదీ దారం పట్టుకుని అలాగే ఉండిపోయాను. 'దానికేం భాగ్యం' ఏమిటి? ఆవిడేం అడిగిందని? అప్పుడు ఒక్కొక్కటే లెక్కకొచ్చాయి. పళ్ల మధ్య స్క్రూడ్రైవర్, చెవికందని చప్పుడు అదురుగానైనా తెలుస్తుందని. వెనకనుంచి పిలిస్తే పలక్కపోవడం. ప్రతివాళ్ల మాటనీ అత్తయ్య తిరిగి అరవడం.

అత్తయ్య బజారునుంచి రాగానే వంటింట్లోకి వెళ్లాను. "అత్తయ్యా, మావయ్యకి వినపడదా?"

ఆవిడ సంచీలోంచి సబ్బులు తీస్తోంది. ఒక్కోటే గట్టు మీద పెట్టింది. అంత నెమ్మదైన గొంతు ఆవిడకి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"రెండేళ్లు దాటింది."

"మరి డాక్టరు..."

"ఆ మాటెత్తితే రెండు రోజులు భోజనం మానేశారు. చెవి పోయిందంటే ఇంజిన్ దగ్గరికి ఎవడు రానిస్తాడే, అన్నారు. అందుకని నేనే అరవడం మొదలెట్టాను. జనం నన్ను గయ్యాళి అంటున్నారు. అననీ. ఆయన్ని చెవిటి మేస్త్రీ అనేకంటే నన్ను గయ్యాళి అంటేనే నయం."

"మీ అబ్బాయికి?"

"వాడికీ తెలీదు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

మా ఆయన దూరంగా ఇంకో ఊళ్లో మోటార్ల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. రెండు వారాలకోసారి ఇంటికొచ్చేవాడు. షెడ్డు వదిలి ఉద్యోగంలో చేరినప్పుడు తండ్రీకొడుకులకి మాటామాటా వచ్చిందట. అప్పటినుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడరు. ఏం చెప్పుకున్నా అత్తయ్య మీదుగానే. ఆ ఆదివారం కూడా మా ఆయన గోడకేసి చూస్తూనే చెప్పాడు.

"అమ్మా, సిమెంటు గోడౌనుకి మన షెడ్డు అడుగుతున్నారు. బళ్లు తిరిగొస్తున్నాయని ఊరంతా అంటోంది. ఈ వయసులో మాట పడటమెందుకు? నేను ఫోన్ చేసి చెబుదామంటే ఆయన రెండు ముక్కలకే పెట్టేస్తారు. నువ్వే అడుగు."

అత్తయ్య ఈసారి అరవలేదు. కానీ మావయ్య కొడుకు పెదవులకేసే చూస్తున్నారు. ఆ మాట మాత్రం ఎలా అందిందో మరి.

"సరే. ఈ కారొకటి ఇచ్చేసి ఖాళీ చేస్తానని చెప్పు" అన్నారు అత్తయ్యతో.

సోమవారం పొద్దున్నే జల్లు పడుతోంది. నా మిషను మీద గుడ్డ కప్పేసి, ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా చేత్తో పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. నర్సమ్మగారి కారు ఆదివారం సాయంత్రమే లాక్కొచ్చారు. రాత్రంతా లోపలుండి ఆరిపోయింది కనుక ఇంజిన్ నిక్షేపంగా నడుస్తోంది. దాన్ని చూస్తూ మావయ్య స్టూలు మీద కూర్చున్నారు, పరీక్ష రోజున పాఠం మరిచిపోయిన మనిషిలా.

నేను వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను. నా మొహం కనపడేలా. అరవలేదు. నిదానంగా చెప్పాను.

"మావయ్యా, వాన పడితేనే కదా దీనికి జబ్బు? వాన మనమే పడిద్దాం."

సీసా చూపించాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. నాకు తెలిసిపోయిందని ఆయనకి అర్థమైంది. స్టూలు మీంచి లేచారు.

"ఇలా రా."

బానెట్ కింద ఇంజిన్ నెత్తి మీద వరసగా నాలుగు నల్లటి ముక్కలున్నాయి, అగ్గిపెట్టెంత తలా, బొటనవేలంత మెడా. "ఇవి కాయిళ్లు. నా రోజుల్లో బండి మొత్తానికి ఒక్కటే ఉండేది. ఇప్పుడు ప్లగ్గుకొకటి. బ్యాటరీ ఇచ్చే పిసరంత కరెంటుని వేలల్లోకి పెంచి ప్లగ్గుకిస్తాయి. ప్లగ్గు మెరిస్తేనే పెట్రోలు మండుతుంది. మెరవలేదా, ఆ దెబ్బ పోయినట్టే. నువ్వు మాత్రం వీటిమీద చెయ్యి వెయ్యకు. గుర్రం తన్నినట్టు తంతాయి."

నాలుగింటి మీదా నీళ్లు చల్లాను. కాసేపు ఏమీ లేదు. మళ్లీ చల్లాను. అప్పుడు మొదలైంది. మూడు దెబ్బలు, ఒక మింగుడు.

"వచ్చింది!" అన్నాను. ఆయన చూస్తున్నది ఇంజిన్‌ని కాదు, నన్ను.

"నాలుగు కాయిళ్లకీ వైరు సాకెట్లు ఉంటాయి. ఒక్కోటీ లాగుతాను. బాగున్నదాని సాకెట్ లాగితే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. చచ్చినదాన్ని లాగితే ఏ తేడా ఉండదు. ఎలాగూ చచ్చిందే కదా."

రబ్బరు తొడుగు వేసుకుని మొదటి సాకెట్ లాగారు. స్క్రూడ్రైవర్ పళ్లకి ఆనించారు. కళ్లు మూసుకున్నారు. తెరిచారు. సాకెట్ తిరిగి పెట్టేశారు. రెండోది లాగారు. మళ్లీ స్క్రూడ్రైవర్. ఈసారి చాలాసేపు పట్టుకున్నారు. ఆయన దవడ బిగిసింది. తర్వాత ఆ స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టేశారు.

"మారిందా అమ్మా?" అన్నారు. నా వైపు చూడకుండానే.

"మారింది మావయ్యా. ఇంకా కుంటింది" అని, ఆయన చూడటం లేదని గుర్తొచ్చి, ఆయన మోచేతి మీద తట్టి తలూపాను.

"మొదటిది?"

"అదీ మారింది."

మూడోది లాగారు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఏ తేడా లేదు. మూడు దెబ్బలు, ఒక మింగుడు. అచ్చం ఇందాకటిలాగే.

"మారలేదు."

"సరిగ్గా విను. ఇంకోసారి."

పెట్టి, లాగారు. పెట్టి, లాగారు. "మారలేదు మావయ్యా."

నాలుగోదీ చూశారు. అది మారింది. అయినా ఆయనకి తృప్తి లేదు. "కాయిలే పోయిందని ఎలా చెబుతాం? ప్లగ్గు కావచ్చు, వైరు కావచ్చు. దొంగని పట్టుకోవాలంటే ఇల్లు మార్చి చూడాలి." ఇంజిన్ ఆపి, మూడో కాయిల్ విప్పి మొదటి దాని చోట పెట్టారు. మొదటిది మూడో చోటికి వెళ్లింది. స్టార్ట్ చేశాం. నీళ్లు చల్లాను. కుంటడం మొదలైంది. ఈసారి మొదటి చోట సాకెట్ లాగితే తేడా లేదు. మూడో చోటు లాగితే ఇంజిన్ విలవిల్లాడింది.

"జబ్బు కాయిల్ వెంట నడిచొచ్చింది!" అన్నాను.

"ఆ! వచ్చిందా?" ఆయన మొహంలో ఎన్నాళ్లకో చిన్నపిల్లాడి సంబరం. "షట్టరు దించు. లైటు తీసెయ్."

పట్టపగలు షెడ్డు చీకటైంది. వాన చప్పుడు, ఇంజిన్ చప్పుడు. నాకేమీ కనపడలేదు. ఆయన నా భుజం పట్టుకుని కాస్త పక్కకి తిప్పారు. "అదిగో."

కాయిల్ మెడ దగ్గర, వెంట్రుకంత నీలం మెరుపు. పాకి, పక్కనున్న ఇనుముని ముట్టుకుని మాయమైంది. మళ్లీ పాకింది. ప్లగ్గుకి వెళ్లాల్సిన నిప్పు దారిలోనే తడి పట్టుకుని జారిపోతోంది. దాన్ని ముందు చూసింది ఆయనే.

లైటు వేశాక కాయిల్ విప్పి గోటితో రుద్దారు. పెన్సిలు గీతంత పగులు. ఇంజిన్ వేడెక్కి తడి ఆరగానే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. అందుకే షెడ్డులో ఎన్నిసార్లు చూసినా దొరకలేదు.

"అయినా మొదటి రోజు నడుస్తూనే వచ్చింది కదా, తడిగా" అన్నారు ఆ పగుల్నే చూస్తూ. "ఆ రోజే వినాల్సింది నేను."

ఆయన ముంజేయి పట్టుకుని నావైపు తిప్పుకున్నాను. "నేను విన్నాను మావయ్యా, ఆ రోజే. చెప్పలేదు."

"ఎందుకని?"

"మీకు వినపడుతోందనుకున్నాను."

ఆయన కాయిల్‌ని తువ్వాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు. "ఇకమీదట చెప్పు" అన్నారు.

ఆ మధ్యాహ్నం స్పేర్ పార్టుల దుకాణానికి ఇద్దరం కలిసే వెళ్లాం. కౌంటర్ దగ్గర మాట్లాడింది నేను. కొత్త కాయిల్ బిగించి, రెండు సీసాల నీళ్లు ఇంజిన్ మీద ఖర్చుపెట్టాం. ఒక్క దెబ్బ కూడా మింగలేదు.

బుధవారం నర్సమ్మగారు కారు కోసం వచ్చింది. మావయ్య పాత కాయిల్ చూపించి పగులు చెప్పారు. ఆవిడ నమ్మిందో లేదో, ముభావంగానే తాళం తీసుకోబోయింది. మావయ్య తాళం వదల్లేదు.

"మొన్న మీరేదో అడిగారమ్మా. నేనేదో చెప్పాను. మీరేం అడిగారో నాకు వినపళ్లేదు. వినపళ్లేదని చెప్పడానికి నామోషీ అనిపించింది. నాకు చెవుడు."

గుమ్మంలో అత్తయ్య టీ గ్లాసులతో ఆగిపోయింది. 'నాకు చెవుడు' అని సూటిగా ఆవిడ ముందు కూడా ఆయన ఎప్పుడూ అనలేదట.

నర్సమ్మగారు భుజాన ఉన్న సంచి దింపి, టార్చి తీసి, మావయ్యని స్టూలు మీద కూర్చోబెట్టింది. చెవి పట్టుకుని వెనక్కి లాగి ఒకటి చూసింది, రెండోది చూసింది. అచ్చం ఆయన ఇంజిన్ చూసినట్టే.

"ఇది గులిమి కాదు మేస్త్రిగారూ, నరం. పూర్తిగా రాదు. చెవి మిషను పెడితే కొంత నయం. నాకు తెలిసిన డాక్టరున్నారు, చీటీ రాసిస్తాను. వెళ్తారా?" అని ఆయన మొహానికి ఎదురుగా, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"వెళ్తాను" అన్నారు మావయ్య.

గురువారం జోరువానలో కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలు. ఎత్తు మీద బండి ఒక్కసారి కూడా తుమ్మలేదని నర్సమ్మగారు కబురు పంపింది.

రెండు వారాలు ఆగకుండా తర్వాతి ఆదివారమే మా ఆయన సిమెంటు వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ సమయానికి నేను ఓ జీపు బానెట్ కిందకి సగం దూరి ఉన్నాను. పక్కన మావయ్య సాకెట్లు లాగుతున్నారు.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు మా ఆయన. తర్వాత, షెడ్డు పైకప్పుకేసి చూస్తూ, "ఖాళీ చేస్తానన్నారు కదా" అన్నాడు.

"వాడేమంటున్నాడు?" అని మావయ్య నన్ను అడిగారు.

"ఇంత దగ్గర్నుంచి చెబితే వినపడలేదా?" మా ఆయన విసుక్కున్నాడు.

నేను చేతులు తుడుచుకుంటూ చెప్పాను. "వినపడలేదు. రెండేళ్లయింది వినపడక."

మా ఆయన నవ్వబోయి ఆగాడు. నన్ను చూశాడు. గుమ్మంలో తల్లిని చూశాడు. ఆవిడ తల దించుకుంది.

"మరి ఫోన్..." అన్నాడు. "ఫోన్ చేస్తే పెట్టేసేవారు కదా."

ఈసారి తండ్రి మొహంకేసే చూస్తూ అన్నాడు కనుక మావయ్యకి ఆ మాట అందింది.

"వినపడక పెట్టేసేవాణ్ణిరా. ఏదో గుడగుడమని వచ్చేది. మళ్లీ మళ్లీ ఏంటీ, ఏంటీ అని అడిగితే కనిపెట్టేస్తావని. కోపంతో కాదు." కాస్త ఆగి, "కోపమనుకున్నావా?" అన్నారు.

మా ఆయన సిమెంటాయన దగ్గరికెళ్లి మెల్లగా ఏదో చెప్పి పంపించేశాడు. తిరిగొచ్చి, ఓ పాత టైరు దొర్లించుకొచ్చి, మావయ్య స్టూలుకి ఎదురుగా, మోకాళ్లకి మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"ఫోర్‌మన్‌ని చేశారు నాన్నా నన్ను. అప్పుడు నేనే చెప్పాలని, అమ్మని చెప్పనివ్వకుండా ఫోన్ చేశాను."

"ఎప్పుడూ?"

"పోయిన ఏడాది!" గట్టిగా అన్నాడు.

"ఫోర్‌మన్నే! ఎంతమంది ఉంటారు నీ కింద?"

"పన్నెండు మంది!"

మావయ్య చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఆ తర్వాత మా ఆయన ఏడాది ముందు చెప్పాలనుకున్నవీ, నెల కింద చెప్పాలనుకున్నవీ, తనకి జ్వరమొచ్చి వారం పడుకున్నదీ, కొత్త మిషను బిగించి మెప్పు తెచ్చుకున్నదీ, ఒక్కోటీ మొదటినుంచీ చెబుతూ కూర్చున్నాడు. మావయ్య దేన్నీ వదల్లేదు. అందనిదాన్ని మళ్లీ చెప్పించుకున్నారు.

వాన వెలిసింది. జీపు బానెట్ తెరిచే ఉంది. మా ఆయన అరుస్తున్న కబుర్లు వీధి చివరి ఇంటిదాకా వినపడుతున్నాయి. జనం గుమ్మాల్లోకొచ్చి చూస్తున్నారు. అత్తయ్య వాళ్ల వైపు ఒక్కసారి చూసి, లోపలికెళ్లి టీ నీళ్లు పెట్టింది. గొంతు తగ్గించమని ఎవ్వరం అనలేదు.